మనీప్లాంట్‌కి దూది పట్టిందా?

ప్రశ్న: మా హాల్లోని మనీప్లాంట్ కణుపుల దగ్గర తెల్లగా దూదిలా పట్టింది. ఆకులు జిగురుగా ఉన్నాయి, చీమలు తిరుగుతున్నాయి. చంటిపిల్ల ఉంది, పురుగుమందంటే టెన్షన్. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అది పిండినల్లి అనే పురుగు అమ్మా. ఆ జిగురు అది విసర్జించే తీపి రసం, చీమలు వచ్చేది దానికోసమే. ముందు ఆ కుండీని మిగతా మొక్కలకు దూరంగా బాల్కనీలో పెట్టండి. పాత టూత్‌బ్రష్‌ని సబ్బునీళ్లలో ముంచి కణుపుల సందుల్లో, ఆకుల అడుగున మెల్లగా రుద్దండి. అసలు పని ఇదే. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం బాగా గిలక్కొట్టి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ముందు ఒక ఆకు మీద కొట్టి, మర్నాడు చూడండి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి, మూడు నాలుగు వారాలు కొట్టాలి. వాసన మాత్రం ఘాటే, మా ఇంట్లో భోజనాల వేళ కొట్టి నేను తిట్లు తిన్నాను! సీసా పిల్లకు అందకుండా పెట్టండి.

ఓసారి గంటస్తంభం దగ్గర మందారం కొని తిన్నగా కిటికీలో పెట్టాను. దాని మీదున్న పిండినల్లి పక్కనున్న క్రోటన్‌కీ పట్టేసింది. అప్పట్నుంచి కొత్త మొక్కేదైనా రెండు వారాలు మెట్ల మీదే.