జవాబు: కట్టెల ఖర్చు, పొగ గొడవ – పర్లాకిమిడి జీడిపప్పు యూనిట్

అన్నయ్యా, కట్టెల ఖర్చు పెరిగింది, విరిగిన పప్పు బద్దలు ఎక్కువవుతున్నాయి, పొగ మీద పక్కవాళ్లు గొడవపడుతున్నారు, సోలార్ డ్రయ్యర్ పెట్టించమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దు. ముందు బోర్మా (పప్పును వేడితో ఆరబెట్టే గది) నుంచి దించిన పప్పు పొట్టు తీసేదాకా ఎంతసేపు ఆగుతోందో రెండు రోజులు గడియారం పెట్టి రాయండి.

బరంపురంలో మాదీ ఇదే కథ. బోర్మా నిండుగా ఆరబెట్టేవాళ్లం, పొట్టు తీసేవాళ్లకు అందులో సగమే అయ్యేది. మిగిలింది తేమ పీల్చుకుంటే పొట్టు రాదు, మళ్లీ బోర్మాలోకే. అంటే కట్టెలు రెండుసార్లు. పైగా అతిగా ఎండిన పప్పు చేతిలోనే విరుగుతుంది. టయోటా కార్ల కంపెనీ ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో చెప్పిన 7 వృథాల్లో అవసరానికి మించి తయారుచేయడమే అన్నిటికంటే చెడ్డదన్నది ఇందుకే. ఆ రోజు పొట్టు తీయగలిగినంతే ఆరబెట్టండి. వర్షాకాలంలో ఇంకా తగ్గించండి. మొదట్లో బోర్మా సగం ఖాళీగా కనిపిస్తే టెన్షన్ వస్తుంది, మా నాన్నగారైతే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పొగ సంగతి: పొయ్యిలో పచ్చి జీడితొక్క వేస్తున్నారా? అందులోని నూనె వల్లే ఆ ఘాటు. తొక్కను నూనె తీసేవాళ్లకు అమ్మేయండి, పలాస వైపు అడిగి చూడండి. సోలార్ సంగతి, కట్టెల లెక్క తగ్గాక చూద్దాం.