లివర్ వార్డులో నర్సు ఉద్యోగం అంటే తాగుబోతులకు సేవ చేయడమేనా?

మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది, హనుమకొండలో ఒక గ్యాస్ట్రో ఆసుపత్రి లివర్ వార్డులో ఉద్యోగం వచ్చింది, ఇంట్లోవాళ్లు మాత్రం "తాగి తాగి వచ్చినోళ్లకు సేవ చేసుడేంది, వేరే వార్డు అడుగు" అంటున్నారు. చేరమంటారా, వద్దంటారా అని అడిగారు.

చేరమంటాను. నేను ఇదే ఊళ్లో, ఇలాంటి వార్డులోనే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అంతకుముందు జనరల్ మెడిసిన్‌లో ఉన్నాను. అక్కడ డాక్టరు రాసింది చేసేదాన్ని. ఇక్కడ డాక్టరు రౌండ్‌కి వచ్చేసరికి ఆయనకు కావాల్సిన సమాచారంలో సగం నర్సు దగ్గరే ఉంటుంది. మంచిగా చేస్తే ఈ వార్డులో నర్సు మాటకు విలువ ఎక్కువ.

ముందు ఆ తాగుబోతుల సంగతి. మద్యం వల్ల లివర్ చెడిపోయినవాళ్లు ఎక్కువే, దాచాల్సిన పని లేదు. దసరా వెళ్లిన వారం పది రోజులకు మా మంచాలు నిండిపోతాయి. కానీ పక్క మంచం మీద ఎవరుంటారో మీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండదు. పుట్టుకతోనే తల్లి నుంచి హెపటైటిస్ బి వైరస్ సోకి, ముప్పై దాటాక కడుపు ఉబ్బితే గానీ బయటపడనివాళ్లుంటారు. షుగరు, బరువు రెండూ ఉండి, కొవ్వు పట్టి లివర్ గట్టిపడిపోయిన ఆడవాళ్లుంటారు. విల్సన్ వ్యాధితో, అంటే ఒంట్లో రాగి బయటికి పోక లివర్‌లో పేరుకుపోయే జబ్బుతో, బడికి పోయే పిల్లలు వస్తారు. చుక్క ముట్టని ఆడమనిషిని చుట్టాలు "లివరా? గదెట్ల?" అని అదోలా అడుగుతుంటే ఆమె పడే బాధ చూడాలి. "గ్యాస్ ట్రబుల్ అని చెప్పుండ్రి సిస్టర్" అని బతిమాలేవాళ్లున్నారు.

అలా అనొచ్చో లేదో గానీ, ఈ వార్డులో నాకు నచ్చే జబ్బు హెపటైటిస్ సి. రోజుకు ఒకటో రెండో మాత్రలు, చాలామందికి 12 వారాలు వాడితే చాలు, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమైపోతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. డబ్బులేక మానేశామనే మాట ఈ జబ్బులో వినక్కర్లేదు.

ఇక అసలు పని. సిరోసిస్, అంటే లివర్ గట్టిపడిపోవడం, ముదిరితే లివర్ శుభ్రం చేయాల్సిన అమ్మోనియా లాంటివి రక్తంలో మిగిలిపోయి మెదడును మత్తులో పడేస్తాయి. దీన్ని హెపాటిక్ ఎన్సెఫలోపతి అంటారు. ఇది రిపోర్టులకన్నా ముందు భార్య మాటల్లో కనబడుతుంది. "రాత్రంతా మేల్కొనే ఉంటుండు సిస్టర్, పగలు లేపినా లేస్తలేడు." "నిన్న అంగీ ఉల్టా తొడుక్కున్నడు." ఇలాంటి మాట చెవిన పడితే నేను కేస్ షీట్ పక్కన పెట్టి పేషంటు దగ్గరికి వెళ్తాను. ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు రెండు చేతులూ చాపి అరచేతులు పైకెత్తమంటాను. మణికట్టు దగ్గర చెయ్యి జారి జారి లేస్తుంటే విషయం అర్థమైపోతుంది. కాగితం మీద సంతకం పెట్టించినా తెలుస్తుంది, నిన్నటి సంతకానికీ ఇవాల్టి సంతకానికీ పోలిక ఉండదు.

ఆ తర్వాత చేసేది లాక్టులోజ్ సిరప్ పోయడం, మోషన్లు లెక్కపెట్టడం. రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు కావాలి. అసలు కాకపోతే మత్తు పెరుగుతుంది. ఆరేడు అయితే ఒంట్లో నీరు పోయి కిడ్నీలు దెబ్బతింటాయి, మత్తు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ వార్డులో షిఫ్టు మారేటప్పుడు బీపీ కంటే ముందు మోషన్ల సంఖ్య చెప్పుకుంటాం. నర్సింగ్ చదివింది దీనికా అని కొత్తగా వచ్చిన పిల్లలు మొహం చిట్లిస్తారు. కన్నబిడ్డను గుర్తుపట్టని మనిషి రెండు రోజులకు లేచి కూర్చుని "సిస్టర్, ఛాయ్ దొరుకుతదా" అని అడిగిన తర్వాత మళ్లీ చిట్లించరు.

నైట్ డ్యూటీలో ఇంతకన్నా తిప్పలు పెట్టేది తాగుడు ఉన్నట్టుండి ఆగడం వల్ల వచ్చే తిక్క. అడ్మిట్ అయిన రెండో రోజో మూడో రోజో చెమటలు, వణుకు, గుండె దడ, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, సెలైన్ ఎక్కించే కాన్యులా పీకేయడం, అడ్డమొస్తే కొట్టడం. ఎన్సెఫలోపతిలోనూ కొందరు అరుస్తారు, తిడతారు. చూసేవాళ్లకు రెండూ ఒకటే, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. తాగుడు ఆగినవాడికి లొరాజెపామ్ లాంటి మందు కావాలి. ఎన్సెఫలోపతి ఉన్నవాడికి అదే ఇస్తే కోమాలోకి జారిపోవచ్చు. కాబట్టి ఆఖరుసారి ఎప్పుడు తాగాడన్నది ఈ వార్డులో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. దానికి నిజమైన జవాబు నలుగురి ముందు రాదు. అత్తామామలు ఉండగా కోడలు నోరు విప్పదు. మందుల చీటీ ఇచ్చే వంకతో ఆమెను బయటికి పిలిచి, తిట్టేవాళ్లెవరూ లేనిచోట అడగాలి. కల్లు కూడా విడిగా అడగాలి. "బంద్ చేసి ఏడాదైంది సిస్టర్, కల్లు ఒక్కటే" అనేవాళ్లు కల్లును లెక్కలోకి తీసుకోరు. మన దిక్కు కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపే చోట్లున్నాయి, అది ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ వస్తాయి. ఇలాంటివాళ్లకు గ్లూకోజ్ బాటిల్ పెట్టే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడిందో లేదో చూసుకోవడం మీ చెల్లెలు మొదటి రోజే అలవాటు చేసుకోవాలి.

కడుపులో నీరు తీసేటప్పుడు నర్సు మంచం పక్కనే ఉండాలి. తీసిన నీటిలో కొంత అక్కడికక్కడే, క్రిములున్నాయేమో చూసే కల్చర్ బాటిళ్లలో వేస్తాం. పరీక్షలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు క్యూబిక్ మిల్లీమీటరుకు 250 దాటితే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. అయిదు లీటర్లకు మించి తీస్తే లీటరుకు సుమారు 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎక్కించాలి. బాటిల్‌కు 20 గ్రాములు ఉంటుంది కాబట్టి ఎనిమిది లీటర్లు తీస్తే సుమారు మూడు బాటిళ్లు. ఒక్కోటి వేలల్లో ఖరీదు. "ఒక్కటి పెట్టుండ్రి, చాలు" అని కొడుకు చేతులు పట్టుకుంటాడు. అది ఎక్కించకపోతే బీపీ పడిపోయి కిడ్నీలు ఆగిపోయే ప్రమాదం ఉందని ఓపికగా చెప్పాలి. పత్తి అమ్మిన పైసలు ఇంకా చేతికి రాని ఇంటికి ఆ మాట చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మళ్లీ నీరు చేరకుండా ఉండాలంటే ఉప్పు తగ్గాలి. అన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. ఉప్పు తగ్గించండి అంటే అందరూ తల ఊపుతారు. అలా కాదు, తొక్కు ఎంత వేసుకుంటారు, అప్పడాలు ఎన్ని, ఎండు చేపలు వండుతారా అని ఒక్కొక్కటే అడగాలి. "మామిడికాయ తొక్కు లేకుంటే ముద్ద దిగదు" అన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. సైంధవ లవణం వాడుకోవచ్చా అంటారు, అదీ ఉప్పే. షాపుల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు ఇంకా ప్రమాదం. అందులో పొటాషియం ఉంటుంది, నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ కూడా పొటాషియం పెంచేదే.

పథ్యం పేరుతో జరిగేది చూస్తే మాత్రం నాకు కోపమొస్తుంది. గుడ్డు వద్దు, పప్పు వద్దు, పెరుగు వద్దు, గంజి పోయండి అంటారు ఇంటి పెద్దలు. సిరోసిస్ పేషంటుకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, మామూలు మనిషికన్నా ఎక్కువ. రాత్రి తొందరగా తిని పొద్దున దాకా కడుపు మాడ్చుకుంటే కండలు కరిగిపోతాయి. పడుకునే ముందు కాసిన్ని పాలు, ఒక చిన్న జొన్న రొట్టె తినిపించమని డిశ్చార్జి రోజు భార్యకో కోడలికో చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకుంటాను.

కామెర్లకు పసరు తాగించి, చేతికి వాత పెట్టించి ఆలస్యంగా తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఇబ్బందల్లా పిత్తనాళంలో రాయో గడ్డో అడ్డుపడినవాళ్లు కూడా ఆ పేరు విని అక్కడికే పోవడం. నడుము నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మరో గండం, సిరోసిస్ ఉన్నవాళ్ల కిడ్నీలను అది దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ లివర్‌కు చేటు అని భయపడి దీన్ని వేయించుకుంటారు. డాక్టరు చెప్పిన మోతాదులో, మామూలుగా రోజుకు 2 గ్రాముల లోపు, వాళ్లకు పారాసిటమాలే నయం.

రక్తపు వాంతుల గురించి ఎక్కువ రాయను. భయంకరంగా ఉంటుంది, కానీ చేయాల్సినవి వరుసగా ఉంటాయి: పక్కకు తిప్పడం, రెండు పెద్ద కాన్యులాలు, రక్తం, రక్తస్రావం తగ్గించే టెర్లిప్రెసిన్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్, ఎండోస్కోపీలో బ్యాండింగ్, అంటే రక్తం కారే నరానికి రబ్బరు బ్యాండు వేయడం. మీ చెల్లెలు కొన్నాళ్లలో నేర్చుకుంటుంది.

తట్టుకోవడం నేర్చుకోలేనిది, బాగుపడి వెళ్లినవాడు మూడు నెలలకు మళ్లీ తాగి రావడం. మొదట్లో మనకు టెన్షన్, తర్వాత కోపం. ట్రాన్స్‌ప్లాంట్ (లివర్ మార్పిడి) దాకా వెళ్లినవాళ్లను హైదరాబాద్ పంపిస్తాం, దాత కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదవుతుంది. ఆగే టైమ్ లేకపోతే ఇంట్లోవాళ్లే తమ లివర్‌లో కొంత భాగం ఇవ్వాలి. నేను చూసినంతలో ముందుకొచ్చేది ఎక్కువగా భార్యలూ తల్లులే. ఎందుకో మీరే అడగండి.

కొన్ని మామూలు విషయాలు. మన దగ్గర లివర్ నర్సు అని వేరే లైసెన్సు ఉండదు, పని చేస్తూ నేర్చుకోవాల్సిందే. ప్రభుత్వ ఉద్యోగం ఆలోచన ఉంటే మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్లు చూస్తూ ఉండమనండి, ఈ అనుభవం వృథా పోదు. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే కాదు, నైట్‌లో ఒక్కో నర్సుకు ఎంతమంది పేషంట్లు, ఎండోస్కోపీ రూమ్‌లో పోస్టింగ్ ఇస్తారా అనేవి కూడా అడగాలి. నైట్ లెక్కకు సూటిగా జవాబు చెప్పకపోతే ఆ ఆసుపత్రి వద్దు, లివర్ వార్డు వల్ల కాదు, ఆ ఆసుపత్రి వల్ల.

చేరే ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి, 0, 1, 6 నెలల్లో వేస్తారు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ రక్తపరీక్ష చేయించుకుంటే 10 లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. అలా వచ్చినవాళ్లకు హెపటైటిస్ బి పేషంటు సూది గుచ్చుకున్నా భయం లేదు. రానివాళ్లకు గుచ్చుకుంటే, రక్షణ కోసం ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వీలైతే 24 గంటల్లోపే పడాలి. ఆ రిపోర్టు ఫొటో ఫోన్‌లో పెట్టుకోమనండి, సూది గుచ్చుకునేది ఎక్కువగా అర్ధరాత్రి హడావుడిలోనే, అప్పుడు ఇంటికి ఫోన్ చేసి బీరువాలో వెతికించే టైమ్ ఉండదు.