క్రోమోజోము ఎక్కువైంది... తప్పు నాదేనా?

ప్రశ్న: నా వయసు 37. మొదటి కాన్పులో పుట్టిన బాబుకు నాలుగేళ్లు, ఆరోగ్యంగా ఉన్నాడు. ఈమధ్య తొమ్మిదో వారంలో గర్భస్రావమైంది. పరీక్ష చేయిస్తే పిండంలో ‘ట్రైసోమీ 16’ (16వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం) అని వచ్చింది. మా ఇద్దరి రక్తంతో, క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసేందుకు చేసిన క్యారియోటైప్ పరీక్షలు మాత్రం నార్మల్. మరి ఆ అదనపు క్రోమోజోము ఎక్కడిది? గర్భమని తెలియక బొప్పాయి తిన్నాను, స్కూటీ నడిపాను. అందువల్లేనా? మళ్లీ ఇలాగే అవుతుందా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు ఆ భారం దించుకోండమ్మా. బొప్పాయి తింటే, స్కూటీ నడిపితే పిండంలో క్రోమోజోము పెరగదు. ట్రైసోమీ 16లో లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ అండం తయారయ్యేటప్పుడే. అంటే గర్భం నిలవకముందే.

మామూలు కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. అండంలో, వీర్యకణంలో 23 చొప్పునే ఉండాలి. అలా సగం చేసేదే క్షయకరణ విభజన. విచిత్రం ఏమిటంటే, సగం చేయబోయే కణం ముందు తన డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటుంది. సుమారు 6.5 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) ఉన్నది 13 అవుతుంది. అయినా క్రోమోజోములు 46 దాటవు. ఒక్కొక్కటీ ఒకేలాంటి రెండు పోగులై, అతుక్కునే ఉంటుంది. మొదటి విభజనలో జతలు విడిపోయి క్రోమోజోములు 23కు తగ్గుతాయి. ఒక్కోదానిలో ఇంకా రెండేసి పోగులున్నందున డీఎన్ఏ మాత్రం 6.5 దగ్గరే ఉంటుంది. రెండో విభజనలో ఆ పోగులు విడిపోయాకే అది సుమారు 3.25కు దిగుతుంది.

మగవారిలో ఈ పని యుక్తవయసు నుంచి నిత్యం సాగుతూనే ఉంటుంది. ఆడవారి సంగతి వేరు. మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే మీ అండకణాలు డీఎన్ఏను రెట్టింపు చేసుకుని, మొదటి విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాయి. అండం విడుదలయ్యే ముందే ఆ విభజన పూర్తవుతుంది. రెండోది వీర్యకణం కలిశాక గానీ ముగియదు. అంటే ఈసారి విడుదలైన అండం రెట్టింపు డీఎన్ఏను మోస్తూ 37 ఏళ్లకు పైగా వేచి ఉంది. అన్నేళ్లలో క్రోమోజోములను పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ల పట్టు సడలుతుంది. జత సరిగా విడిపోక రెండు 16వ క్రోమోజోములూ అండంలోనే మిగిలితే, తండ్రి నుంచి వచ్చే దానితో మూడవుతాయి. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరూ ఆపగలిగిందీ కాదు.

మీ రక్తపరీక్షలు నార్మల్‌గా రావడంలోనూ వింత లేదు. ఆ పరీక్ష చూసేది తెల్లరక్త కణాలను. ఏ నెల ఏ అండంలో లెక్క తప్పిందో రక్తం చెప్పలేదు. మీ ఇద్దరిలోనూ క్రోమోజోముల ముక్కలు చోటు మారిన లోపమేదీ కనిపించలేదని మాత్రం దానివల్ల తెలిసింది. అది మంచి కబురే.

మొదటి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడాల వల్లే. వాటిలో కనిపించే ట్రైసోమీలలో 16దే మొదటి స్థానం. అలాంటి గర్భాన్ని బెడ్‌రెస్ట్ గానీ, ఇంజెక్షన్లు గానీ నిలబెట్టలేవు.

ఇలా ఒకసారి జరిగిన చాలామందికి తర్వాతి గర్భం సవ్యంగా నిలుస్తుంది. అయితే వయసుతో ముప్పు పెరిగే మాట నిజం. 21వ క్రోమోజోము మూడైతే వచ్చే డౌన్ సిండ్రోమ్‌నే చూస్తే, 35 ఏళ్ల తల్లికి పుట్టే పిల్లల్లో సుమారు 350 మందిలో ఒకరికి, 40 ఏళ్లకు 100 మందిలో ఒకరికి వస్తుంది. మళ్లీ ప్రయత్నించే ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. గర్భం నిలిచాక పదో వారం దాటితే తల్లి రక్తంతోనే బిడ్డ క్రోమోజోములను పరిశీలించే ఎన్‌ఐపీటీ పరీక్ష గురించి, 11–14 వారాల మధ్య చేసే స్కాన్ గురించి మీ డాక్టరును అడగండి. ఎన్‌ఐపీటీ ముప్పును అంచనా వేస్తుందే తప్ప తుది నిర్ధారణ కాదు. అందులో తేడా వస్తే ఉమ్మనీటి పరీక్ష వంటివి చేయించాలి. ఒక్క గర్భస్రావానికే ఐవీఎఫ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే మాత్రం, మీ వయసు దృష్ట్యా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవండి.