‘జీటీఏ ఫోర్’ ఇప్పుడు కొనొచ్చా?

ప్రశ్న: స్కూలు రోజుల్లో నెట్ సెంటర్లో ‘జీటీఏ’ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) సిరీస్ కంప్యూటర్ గేమ్ ‘వైస్ సిటీ’ తెగ ఆడేవాణ్ని. ఇప్పుడు ఆన్‌లైన్ గేమ్ స్టోర్ స్టీమ్‌లో ‘జీటీఏ ఫోర్’ తక్కువ ధరకు కనబడుతోంది. రాత్రిళ్లు ఓ గంట తీరిక దొరుకుతుంది. నా లాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఈ ఆట నాకు సరిపడుతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ‘వైస్ సిటీ’ లాంటిదే అనుకుని కొంటే మొదటి మలుపులోనే నిరాశపడతారు. 2008లో వచ్చిన ఈ ఆటలో కారుకు నిజంగా బరువుంటుంది. వేగంగా వెళుతూ స్టీరింగ్ తిప్పితే బండి ఒక పక్కకు ఒరిగి నేరుగా డివైడర్ మీదికి పోతుంది. మలుపుకు ముందే బ్రేకు వేసి, వదిలేసి, ఆ తర్వాత తిప్పాలి. హ్యాండ్‌బ్రేకును క్షణం తాకిస్తే చాలు, పట్టి ఉంచితే బండి గిర్రున తిరిగిపోతుంది. ఈ పద్ధతి చేతికి అలవాటయ్యాక మళ్లీ పాత ఆటల కార్లు బొమ్మల్లా అనిపిస్తాయి. అది నచ్చనివాళ్లకు మాత్రం ఆట మొత్తం భారమే.

కథా అంతే. తూర్పు యూరప్ నుంచి ఓడ దిగిన నికో బెలిక్, అప్పుల్లో మునిగిన కజిన్ రోమన్, న్యూయార్క్‌ను పోలిన లిబర్టీ సిటీ. ట్యాంకులు లేవు, నడపడానికి విమానాలు లేవు. సగం కథ కారులో మాటల్లోనే నడుస్తుంది, తెలుగు సబ్‌టైటిల్స్ ఉండవు. డ్రైవ్ చేస్తూ ఇంగ్లీషు సంభాషణ వినే ఓపిక ఉంటే ఇంత మంచి క్రైమ్ కథ ఈ సిరీస్‌లో మరొకటి లేదని మా అభిప్రాయం.

మీ గంట తీరికకు చాలా మిషన్లు సరిపోతాయి, మిషన్ అవగానే ఆటోసేవ్ అవుతుంది. చిక్కల్లా మధ్యలో చెక్‌పాయింట్లు లేకపోవడమే. బ్యాంకు దోపిడీ మిషన్ ‘త్రీ లీఫ్ క్లోవర్’లో చివర్లో చచ్చిపోతే మొత్తం మళ్లీ మొదటి నుంచే. దాన్ని సెలవురోజుకు ఉంచుకోండి. బౌలింగ్‌కు రమ్మని రోమన్ మాటిమాటికీ ఫోన్ చేస్తుంటే ఆటలోని నికో ఫోన్‌ను స్లీప్ మోడ్‌లో పెట్టండి. అయితే పూర్తిగా దూరం పెట్టకండి: స్నేహం ముదిరితే రోమన్ ఉచితంగా ట్యాక్సీ పంపుతాడు, మరో మిత్రుడు లిటిల్ జేకబ్ చవకగా తుపాకులు అమ్ముతాడు.

లాప్‌టాప్ సంగతి. సుమారు 22 జీబీ ఖాళీ ఉంచండి, ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ లాంచర్‌లో ఖాతా తెరవాలి. గేమ్ కన్సోల్ నుంచి పీసీకి మార్చిన తీరు బాగాలేదు కాబట్టి కొత్త మెషీన్లలోనూ తడబడుతుంది. ముందు గ్రాఫిక్స్ సెట్టింగుల్లో నైట్ షాడోస్, షాడో క్వాలిటీ తగ్గించండి, ఆ తర్వాత వ్యూ డిస్టెన్స్. అప్పటికీ ఆగి ఆగి నడిస్తే, మీ గ్రాఫిక్స్ చిప్ వల్కన్ అనే గ్రాఫిక్స్ టెక్నాలజీని సపోర్ట్ చేసేదైతే, ఆటను వల్కన్ మీద నడిపించే డీఎక్స్‌వీకే అనే టూల్ వాడి చూడండి. ఆట 32 బిట్‌ది కనుక అందులోని 32 బిట్ ఫైలునే గేమ్ ఫోల్డర్లో వేయాలి. 64 బిట్‌ది వేస్తే ఆట అసలు తెరుచుకోదు. ఇంకొకటి గుర్తుంచుకోండి: చివరి మిషన్‌లో హెలికాప్టర్ పట్టుకుని పైకెక్కే చోట ఫ్రేమ్‌రేటు (సెకనుకు తెరపై మారే బొమ్మల సంఖ్య) ఎక్కువగా ఉంటే బటన్ ఎంత నొక్కినా నికో ఎక్కలేడు. అక్కడికి వచ్చేసరికి 30కి పరిమితం చేయండి.

కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. సెట్టింగుల కోసం ఆట తెరిచి ఉంచిన సమయమూ లెక్కలోకి వస్తుంది కాబట్టి వాటిని త్వరగా ముగించి, మిగతా సమయమంతా కారు నడపండి. అయినా బరువుగానే తోస్తే, వాపసు అడిగే ముందు మెనూలోంచి అదే నగరంలో నడిచే మరో కథ ‘ది బాలడ్ ఆఫ్ గే టోనీ’ తెరిచి చూడండి. స్టీమ్‌లో అమ్మే కంప్లీట్ ఎడిషన్‌లో కలిసే వస్తుంది. చెక్‌పాయింట్లు, పారాచూట్ ఉన్నాయి, ‘వైస్ సిటీ’ హుషారుకు అదే దగ్గర.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఇదే ఆట కొనివ్వమంటున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దండీ. యూరప్‌లో దీనికి 18, అమెరికాలో 17 ఏళ్లు నిండాలని రేటింగ్ ఉంది. కాల్పులొక్కటే కాదు, తాగి కారు నడపడం, మాదకద్రవ్యాల బేరాలు, బూతులు అన్నీ కథలో భాగమే. వాటిని ఆపే సెట్టింగ్ లేదు. నగరమంతా తిరిగే సరదా కావాలంటే ‘లెగో సిటీ అండర్‌కవర్’ కొనివ్వండి, అందులో బాబు పోలీసుగా దొంగల్ని పట్టుకుంటాడు.