అన్నీ తెలిసిన దేవుడంటే భయమెందుకు?

(మీ ప్రశ్నలు – మా జవాబులు. దేవుడికి మన గురించి అన్నీ తెలుసని చెప్పే 139వ కీర్తన గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబిస్తున్నాం.)

*ప్రశ్న: చిన్నప్పుడు సండేస్కూల్లో అల్లరి చేస్తే "దేవుడు చూస్తున్నాడు, జాగ్రత్త" అనేవారు. ఇప్పటికీ 139వ కీర్తన తీస్తే సీసీ కెమెరా కింద కూర్చున్నట్టే ఉంటుంది. అందరూ ఓదార్పు అంటారు, నాకేమో వణుకు. ఎందుకిలా? – ఒక పాఠకురాలు, తెనాలి*

జవాబు: కొంత తప్పు సండేస్కూలుది, కొంత మాటది. మొదటి వచనంలో "పరిశోధించి తెలిసికొనియున్నావు" అని వినగానే మనకు సోదాలు, దర్యాప్తులు గుర్తొస్తాయి. హెబ్రీలో ఆ క్రియ 'ఖాకర్'. యోబు 28వ అధ్యాయంలో గని కార్మికులు చీకట్లోకి దిగి ఖనిజం కోసం వెతకడాన్ని ఈ మాటతోనే చెప్పారు. వేగులవాళ్లు దేశాన్ని చూసి రావడానికీ ఇదే వాడారు కాబట్టి మొత్తం భారం ఈ ఒక్క మాట మీద వెయ్యడం లేదు.

అసలు బరువు 'యాదా' అన్న మాట మీద ఉంది. అంటే ఎరగడం. ఆ ధాతువు ఈ కీర్తనలో ఏడుసార్లు వస్తుంది. ఆదికాండము 4:1లో మన తెలుగు బైబిలు "కూడినప్పుడు" అన్నచోట హెబ్రీలో ఉన్నది ఇదే. ఆమోసు 3:2లో దేవుడు ఇశ్రాయేలుతో, భూమి మీది వంశాలన్నిట్లో మిమ్మల్ని మాత్రమే ఎరిగియున్నానంటాడు. మిగతా జనాల సంగతి ఆయనకు తెలియదనా? కాదు, మీరు నావాళ్లు అని. కెమెరాకు సమాచారం ఉంటుంది, సంబంధం ఉండదు. తేడా అక్కడుంది.

మీ వణుకు కొత్తదేమీ కాదు. 7వ వచనంలో కీర్తనకారుడు కూడా ఎక్కడికి పారిపోవాలా అనే అడుగుతాడు. సముద్రపు అవతలి అంచుకు వెళ్లినా అక్కడ ఎదురయ్యేది చెయ్యి. ఆ చెయ్యి కొట్టదు. నడిపిస్తుంది, పట్టుకుంటుంది (10వ వచనం).

ఇక సువార్త వైపు నుంచి చూడండి. పెళ్లిచూపుల్లో మంచి చీర కట్టి, మంచి మాటలే చెబుతాం. అసలు సంగతులు ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటీ బయటపడతాయి. రోమా 5:8 ప్రకారం క్రీస్తు మన కోసం చనిపోయింది మనం ఇంకా పాపులుగా ఉండగానే. కొత్తగా బయటపడి ఆయన మనసు విరిచేదేమీ మిగల్లేదు.

చదివే పద్ధతి ఒకటి చెబుతాం. కీర్తనలో 24 వచనాలు, ఆరేసి చొప్పున నాలుగు భాగాలు. రోజుకొక భాగం, పైకి వినపడేలా, రెండుసార్లు. చాలామంది 18 దగ్గర ఆపి 23కి దూకుతారు, చాలా సంఘాల పఠన పట్టికలూ అంతే. మధ్యలో శత్రువుల మీద మండిపడే మాటలున్నాయి మరి. వాటిని వదలొద్దు. కోపమంతా కక్కేసిన నోటితోనే కీర్తనకారుడు "నన్ను పరిశోధించుము" అంటాడు. మొదటి వచనంలో జరిగిపోయిన పనిని 23వ వచనంలో కావాలని అడుగుతున్నాడు. మీరు కూడా ఆ వచనం దాకా వచ్చాకే అడగండి, మొదటి రోజే కాదు.

*ప్రశ్న: ఎప్పుడో చేసిన ఒక పాపాన్ని రోజూ రాత్రి ఒప్పుకుంటూనే ఉన్నాను. అయినా క్షమాపణ దొరికినట్టు అనిపించదు. – పేరు రాయలేదు*

జవాబు: 1 యోహాను 1:9లో షరతు ఒప్పుకోవడమే, అనిపించడం కాదు. సాధారణంగా జరిగే పొరపాటు రెండు రకాలు. "నేను చాలా పాపిని" అని గుండుగుత్తగా చెప్పడం మొదటిది. దానివల్ల చెప్పవలసింది లోపలే ఉండిపోతుంది. ఎవరికి, ఏం చేశారో ఒక్క వాక్యంలో, పేరు పెట్టి చెప్పండి. రెండోది, మనిషికి కట్టాల్సిన బాకీని ప్రార్థనతో తీర్చాలని చూడడం. సుంకం వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). డబ్బో క్షమాపణో ఇవ్వాల్సి ఉంటే ముందు అది ఇచ్చిరండి.

ఈ రెండూ అయ్యాక అదే పాపం మళ్లీ గుర్తొస్తే మళ్లీ ఒప్పుకోకండి, "ఇది నీకు తెలుసు, నువ్వు క్షమించావు, వందనాలు" అని చెప్పి పడుకోండి. మన హృదయం దోషం మోపినా దేవుడు హృదయం కంటే గొప్పవాడు, అన్నీ ఎరిగినవాడు అని 1 యోహాను 3:20. ఇక్కడ ఆయనకు అన్నీ తెలియడం మన పక్షాన సాక్ష్యం. గంటల తరబడి అదే మాట అనకుండా ఉండలేకపోతుంటే, నిద్ర పట్టకపోతుంటే, అది భక్తి లోపం కాకపోవచ్చు. మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి.

*ప్రశ్న: ఆయనకు ముందే తెలిస్తే చెప్పడం దేనికి? – ఒక విద్యార్థి, వరంగల్*

జవాబు: తెలియజేయడానికి కాదు. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుసార్లే కనిపిస్తుంది: పేతురు యేసును ఎరగనని బొంకినచోట (18:18), చనిపోయి తిరిగి లేచిన యేసు ఒడ్డున చేపలు కాల్చినచోట (21:9). అదే వాసన, అదే మూడు సార్లు, ఈసారి ప్రశ్న వేరు: "నన్ను ప్రేమిస్తున్నావా?" యేసుకు తెలియక అడగలేదు. పేతురు మూడోసారి నొచ్చుకుని "నీవు సమస్తము ఎరిగినవాడవు" అన్నాడు. తనలో ప్రేమ ఉందని రుజువు చేయడానికి అతని దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

*ప్రశ్న: కాటేజీ మీటింగులో (ఇళ్లలో పెట్టుకునే ప్రార్థన కూటంలో) అందరి ముందూ గతమంతా చెప్పమంటున్నారు. చెప్పాలా? – ఒక సోదరి, ఒంగోలు*

జవాబు: అక్కర్లేదమ్మా. యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకోమంది, మైకులో చెప్పమనలేదు. నోరు జారనివారు, మీకు ప్రార్థన తోడుండేవారు ఒక్కరు, అదీ స్త్రీ అయితే మేలు. వేరేవాళ్ల పేర్లు బయటికొచ్చే సంగతులు గుంపులో అసలే వద్దు. బలవంతపెడితే, "పాస్టరమ్మగారితో విడిగా మాట్లాడతాను" అని చెప్పి కూర్చోండి.