నాన్న బండికి మిలిటరీ రంగు వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1994లో కొన్న ఆర్‌ఎక్స్ 100 మా ఇంట్లో ఉంది. 2018లో తిత్లీ తుఫానుకు పాక కూలి దాని మీద పడింది. ఈ మధ్యే ఇంజను బాగు చేయించాను, నడుస్తోంది. ట్యాంకుకు ఒక పక్క సొట్ట, అడుగున తుప్పు ఉన్నాయి. ఆర్మీలో ఉన్న మా అన్నయ్య సంక్రాంతికి సెలవు మీద వస్తున్నాడు. ఆలోపు బండికి మిలిటరీ గ్రీన్ వేయించి, ట్యాంకు మీద నాన్న పేరు రాయించాలని ఆశ. శ్రీకాకుళంలో ఒక షాపువాళ్లు 9 వేలు అడిగారు. స్ప్రే డబ్బాలు తెచ్చుకుంటే 2 వేలలో మనమే కొట్టేసుకోవచ్చని మా ఫ్రెండు అంటున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, సోంపేట మండలం

జవాబు: తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు రంగు సంగతి. నువ్వు అడిగే ఆ ఆలివ్ గ్రీన్ మన బళ్లకు వేయకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బళ్లకే కేటాయించింది. ఇంట్లో జవాను ఉన్నా సొంత బండికి మినహాయింపు లేదు. విజయనగరంలో పాతికేళ్లుగా బళ్లకు రంగులేస్తున్నాను. మన రెండు జిల్లాల నుంచీ సైన్యంలో చేరినవాళ్లు చాలామంది కదా, ఈ రంగు కావాలని వచ్చే తమ్ముళ్లూ ఎక్కువే. ఎంత ఇస్తామన్నా నేను వేయను. రేపు రోడ్డు మీద బండి ఆపితే ఇబ్బంది పడేది వాళ్లే.

ఆర్‌సీ తీసి అందులో ఏ రంగు రాసి ఉందో చూడు. 94 బండి అంటే పదిహేనేళ్లు ఎప్పుడో దాటింది, ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు చూపించాల్సిందే. కాగితంలో ఒక రంగు, బండికి ఒక రంగు ఉంటే అక్కడ ఆగిపోతుంది. వేరే రంగు కావాలంటే రవాణా ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో మార్పించుకోవాలి. నన్నడిగితే నాన్నగారు కొన్నప్పుడు ఏ రంగు ఉందో అదే వేయించు. మీ అన్నయ్య చిన్నప్పుడు ఎక్కిన బండి ఆ రంగుదే కదా.

ఇక 9 వేల సంగతి. రంగు కొట్టడం గంట పని. దానికి ముందు రుద్దడం, ఆరబెట్టడం, మళ్లీ రుద్దడం నాలుగైదు రోజుల పని. నువ్విచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఆ రుద్దుడుకే పోతుంది. ఆ పనికి పెద్ద సామాను అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. అది నువ్వు చెయ్యి. రంగు, దాని పైన వేసే క్లియర్ (మెరుపునిచ్చే రంగులేని పూత) మాత్రం షాపులో కొట్టించు. "ప్రైమర్ దాకా నేను చేసి తెస్తాను, మిగతాది ఎంతకు చేస్తారు?" అని ముందే అడుగు. ప్రైమర్ అంటే రంగుకు ముందు కొట్టే అడుగు పూత. కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్లు ఏ ప్రైమర్ చెబితే అదే కొను.

ట్యాంకు విప్పి పెట్రోలు పూర్తిగా వంపేసి, సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడుగు. ఖాళీ ట్యాంకే కదా అని సొట్ట తీయడానికి వెల్డింగు పెట్టనివ్వకు. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి పేలుతుంది. ఈ ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకో.

పాత రంగు 80 నంబరు ఎమరీ పేపరుతో (గరుకు కాగితం) తీసెయ్. తుప్పు ఉన్నచోట ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. తుప్పు మీద లప్పం (సొట్ట పూడ్చే ముద్ద) పెడితే ఆ తుప్పు లోపలే తింటూ పోయి ఏడాదిలో బుడగలా లేస్తుంది. రంగు తీసిన ఇనుము మీద నీళ్లు పోయకు, రాత్రంతా వదలకు. మీది సముద్రపు గాలి, తెల్లారేసరికి ఎర్రబడుతుంది. లప్పం అంటే గోడలకు పెట్టేది కాదు, బళ్లకు వాడే, గట్టిపడటానికి హార్డనర్ కలిపేది. పల్చగా పెట్టు. ఆరాక పేపరును చెక్కముక్కకు చుట్టి రుద్దు, వట్టి వేళ్లతో రుద్దితే చాళ్లు పడతాయి. తర్వాత కళ్లు మూసుకుని అరచేతిని సొట్ట మీదుగా మెల్లగా పోనివ్వు. కంటికి కనబడని పల్లం చేతికి తెలుస్తుంది. నాకు పని నేర్పినాయన నెల రోజులు నాతో ఇదే చేయించాడు.

మీ ఫ్రెండు చెప్పిన డబ్బాలు చైన్ కవరుకు, స్టాండుకు బాగానే పనికొస్తాయి. ట్యాంకుకు మాత్రం వద్దంటాను. మామూలు డబ్బా క్లియర్ పెట్రోలుకు ఆగదు. బంకులో నాలుగు చుక్కలు ఒలికితే మూత చుట్టూ మెత్తబడి ముడతలు పడుతుంది. హార్డనర్ కలిపే టూకే క్లియర్ అయితే ఆగుతుంది. కానీ ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే గన్‌తో కొడితే పొగలా గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్తమా తెప్పిస్తుంది. ముక్కుకు కట్టే రుమాలు దాన్ని ఆపలేదు. పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే ఇంటి వాకిట్లో అది కొట్టొద్దు. షాపుకు డబ్బులు ఇవ్వమనేది అందుకే. అక్కడ కూడా కొట్టేవాడు సరైన మాస్కు పెట్టుకుంటున్నాడో లేదో చూడు.

వాతావరణం సంగతి కూడా. పని నేర్చుకునే రోజుల్లో, శ్రావణంలో వాన వెలిసిన గంటకే మా బావ బండి ట్యాంకుకు నల్ల డ్యూకో (థిన్నర్ కలిపి కొట్టే పాతరకం బండి రంగు) కొట్టాను. పావుగంటలో దాని మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర వచ్చేసింది. థిన్నర్ ఆరేటప్పుడు ఇనుము చల్లబడి గాలిలో తేమను లాక్కుంటుంది. మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చింది. పుష్యమాసం ముందు మంచు పడే రోజులు కాబట్టి ప్రైమర్ అయినా సరే, పొద్దెక్కాక కొట్టి మూడింటికల్లా ఆపెయ్.

నాన్నగారి పేరు స్టిక్కరుగా వద్దు, చేత్తో రాయించు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే ఆర్టిస్టులు తగ్గిపోయారు కానీ, బారువ వైపు పడవల మీద పేర్లు రాసే చెయ్యి దొరుకుతుందేమో వాకబు చెయ్యి. రంగు అయ్యాక, క్లియర్‌కు ముందు రాయాలి. మామూలు ఎనామిల్‌తో రాస్తే పైన టూకే పడగానే ముడుచుకునే ప్రమాదం ఉంది, షాపువాళ్ల దగ్గర రంగే తీసుకెళ్లి ఇవ్వు. ఒకరి కోసం ఒకరు ఆగడంలోనే రోజులు పోతాయి కాబట్టి, ట్యాంకు డిసెంబరు రెండో వారానికల్లా షాపులో ఉండాలి. తిరిగొచ్చాక నాలుగు రోజులు పెట్రోలు పోయకు, నెల దాకా పాలిష్ పెట్టకు.

పేపరు పట్టుకునే ముందు ట్యాంకును రెండు పక్కలా ఫొటో తీసి, పాత కంపెనీ స్టిక్కరు అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో కొలిచి రాసి పెట్టుకో, కొత్తది సరిగ్గా అక్కడే పడుతుంది.