చెల్లి పెళ్లి పనులన్నీ నా మీదే పడ్డాయి, ఏదీ మర్చిపోకుండా ఎలా చూసుకోవాలి?

వచ్చే మాఘంలో చెల్లి పెళ్లి, నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. తణుకులో మా చెల్లి పెళ్లి పనులు నేనే దగ్గరుండి చూసుకున్నాను. అప్పుడు నాకు పనికొచ్చినవి చెప్తానండి.

ముందు హాలు. మూఢాలు, ఆషాఢం, పుష్యం పోను మిగిలేవి కొన్ని ముహూర్తాలే. మంచి లగ్నం ఉన్న రోజున ఊళ్లో సగం పెళ్లిళ్లు ఉంటాయి. అందుకే హాలు, వంటవాళ్లు, మేళం, ఫొటోగ్రాఫర్, వీళ్లకి మాత్రం ముహూర్తం పెట్టుకున్న వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయండి. రాత్రి ముహూర్తమైతే హాలు ఏ తేదీ ఎన్ని గంటల నుంచి ఏ తేదీ ఎన్ని గంటల వరకు మనదో రసీదు మీదే రాయించుకోండి. లగ్నం అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోతుంది, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

ఫోన్లో లెక్కలు రాసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకి కనపడవు. మేము ఒక లాంగ్ నోట్‌బుక్ ఇంట్లో ముందు గదిలో బల్ల మీద పెట్టాం. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినా, ఇంకా ఎంత ఇవ్వాలో కూడా అందులో రాయాల్సిందే. పనులూ అంతే, ప్రతి పని పక్కన ఒక్కరి పేరే ఉండాలి. "మన వాళ్లెవరో చూసుకుంటారులే" అనుకున్న పని ఎవరూ చూడరు.

అసలు టెన్షన్ పీటల దగ్గర. పంతులుగారు ఇచ్చే సామాను పట్టీ కొట్లో కొనుక్కోవడానికి బాగుంటుంది కానీ, అది పెళ్లి జరిగే వరసలో ఉండదు. అందుకని నేను ఆయన దగ్గర కూర్చుని ఏ ఘట్టానికి ఏం కావాలో విడివిడిగా రాసుకున్నాను. తర్వాత ఘట్టానికో సంచి కట్టి, పైన మార్కర్‌తో పేరు రాశాం. కాశీయాత్ర సంచిలో గొడుగు, కర్ర, పాంకోళ్లు. సుముహూర్తం సంచిలో అడ్డుతెర, తమలపాకులు. జీలకర్ర బెల్లం మాత్రం ఆ సాయంత్రమే నూరాం కాబట్టి నూరేవాళ్ల పేరు, తెర పట్టుకునే ఇద్దరి పేర్లు చీటీ మీద రాసి ఆ సంచికే కట్టాం. హోమం సంచిలో నెయ్యి, సమిధలు, పేలాలు. మా పిన్ని పీటల వెనకే కూర్చుని, పంతులుగారు అడగడం ఆలస్యం, ఆ సంచి విప్పి అందించింది. అమ్మానాన్నలు ఒక్కసారి కూడా పీటల మీద నుంచి లేవాల్సిన పని పడలేదు. కన్యాదానం చేసేవాళ్లని అగ్గిపెట్టె కోసం పరుగులు పెట్టించకూడదండి. మీ నాన్నగారి ఆరోగ్యం గురించి చదివాక ఇది మరీ మరీ చెప్పాలనిపించింది.

బంగారం సంచుల్లో పెట్టకండి. సూత్రాలు, మట్టెలు ఒకే మనిషి దగ్గర ఉండాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. మీలో ఒక సూత్రం అత్తింటివాళ్లు తెచ్చే ఆనవాయితీ ఉంటే, అది ఎవరి దగ్గర ఉందో ముందురోజే వియ్యాలవారిని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

భోజనాల లెక్క శుభలేఖల సంఖ్యతో వేయకండి, ఇంటికి ఎంతమంది వస్తారో పేరుపేరునా వేసుకోండి.

శుభలేఖలు నాలుగైదు, తాళి కట్టే ఫొటో ఒకటి పక్కన దాచండి. 2002 చట్టం ప్రకారం మన దగ్గర పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వయసు, అడ్రస్ ప్రూఫ్‌లతో పాటు అవి కూడా అడుగుతారు.